డెబ్బై మూడో చుక్క

నేను ఒక ఉక్కు అచ్చును. అరచేతిలో ఇమిడే గుండ్రని ముఖం, దాని కింద జానెడు మొద్దు, అంతే నా ఒళ్లు. ముఖం మీద ఒకవైపు పొడుగు గడ్డం పౌలు, ఇంకోవైపు గుబురు గడ్డం పేతురు, ఇద్దరి మధ్య సిలువ, తలల పైన మూడేసి అక్షరాలు, చుట్టూ చుక్కల వలయం. ఇవన్నీ ఉబ్బెత్తుగా ఉంటాయనుకునేరు. నాలో ఉన్నవన్నీ గుంటలే, పైగా తిరగేసి చెక్కినవి. సీసపు బిళ్లను నా మీద పెట్టి గట్టిగా అదిమితే నా గుంటలు దాని మీద గుబ్బలై లేస్తాయి, నా తిరగబడ్డ అక్షరాలు అక్కడ సరిగ్గా నిలబడతాయి. నా వంకరంతా ఇంకొకరి ముఖాన తిన్నగా కనిపిస్తుందన్నమాట. ఆ సీసపు బిళ్ల వేలాడుతున్న తోలుపత్రాన్ని పోపుగారి ఆజ్ఞ అంటారు. అది చూసి రాజులు కూడా లేచి నిలబడతారు.

ఒక మాట ముందే ఒప్పుకుంటాను. నేను కుళ్లుబోతును. ఉక్కుకు తుప్పు ఎలాగో నాకు అసూయ అలాగ. నా కథలో ఎవరినైనా తక్కువ చేసి చెప్పినట్టు అనిపిస్తే, అది నా తుప్పు అనుకుని సర్దుకోండి.

నేను పుట్టింది ఫ్రాన్సు దక్షిణాన, రోన్ నది ఒడ్డున ఉన్న అవిన్యోను పట్టణంలో. పుట్టడమే ఒక తగాదాలో పుట్టాను. డెబ్బై ఏళ్లుగా పోపులు రోము వదిలి అవిన్యోనులోనే కాపురం పెట్టారు. చివరికి ఒకాయన మనసు మార్చుకుని రోము వెళ్లాడు, వెళ్లిన ఏడాదికే కన్నుమూశాడు. రోము జనం వీధుల్లోకి వచ్చి, ఈసారి మావాడే పోపు కావాలని తలుపులు బాదారు. లోపలున్న కార్డినళ్లు, అంటే పోపును ఎన్నుకునే పెద్దలు, ఒకాయనను ఎన్నుకున్నారు. ఆయన నోరు మహా కరుకు. అయిదు నెలలు తిరిగేసరికి ఆ కార్డినళ్లే, "అప్పుడు ప్రాణభయంతో ఎన్నుకున్నాం, అది చెల్లదు" అని ఇంకొకాయనను ఎన్నుకున్నారు. మొదటాయన దిగనన్నాడు. రెండో ఆయన అవిన్యోను వచ్చేశాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గాని, ఒక కుర్చీలో ఇద్దరు పోపులు నలభై ఏళ్లు ఇమిడారు.

మరి రాజులు ఏం చేశారు? ఫ్రాన్సు రాజు మావైపు. అది చూసి ఇంగ్లండు రాజు రోము వైపు. అది చూసి స్కాట్లండు రాజు మావైపు. దేవుడి సంగతి తేల్చడానికి పక్కింటి గోడ తగాదా సరిపోయింది వాళ్లకు.

రెండో పోపు పత్రాలకు ముద్ర కావాలి కదా! రోములో ఉన్నదాన్ని పోలినది, చూసినవాళ్లు ఇదే అసలుదనుకునేది కావాలి. అల్జియాసు అనే కంసాలికి రోము ముద్ర వేలాడుతున్న పాత పత్రం ఒకటి ఇచ్చి, అచ్చంగా ఇలాగే చెక్కమన్నారు. అతడు పేతురు గడ్డం చెక్కాడు, పౌలు గడ్డం చెక్కాడు, చుక్కలు మొదలుపెట్టాడు. పాత ముద్రలో చుక్కలు డెబ్బై మూడు. ఆ లెక్కే దొంగముద్రల్ని పట్టించేది. డెబ్బై రెండు చుక్కలు చెక్కేసరికి అల్జియాసుకు చోటు అయిపోయింది. నాలుక కరుచుకుని, సిలువకు సరిగ్గా పైన, రెండు చుక్కల సందులో ఒక బుజ్జి చుక్కను ఇరికించాడు. అది మిగతావాటిలో సగం కూడా ఉండదు.

నా మొదటి ఏడుపు అక్కడ మొదలైంది. రోములో నా అన్న ఉన్నాడు, వాడి చుక్కలన్నీ ముత్యాల్లా ఒకే కొలత. వాడు అసలు, నేను నకలు. నా నడినెత్తిన ఆ బుజ్జి చుక్క, తొందరలో కుట్టిన గుండీలాగ.

రెండో ఏడుపు ఇంకా దగ్గరిది. ముద్రకు రెండు ముఖాలుంటాయి. ఒక ముఖం నాది. రెండో ముఖం మీద పోపుగారి పేరు ఉంటుంది. దాన్ని వేసేది వేరే అచ్చు, పేరు ముద్ర అనేవాళ్లు. నన్ను కొయ్యబల్లలో దిగేసి, కదలకుండా బిగించేశారు. నా మీద సీసం, సీసం మీద పేరు ముద్ర, ఆ పైన మర. పేరు ముద్రను చేత్తో తీస్తారు, చేత్తో పెడతారు, సాయంత్రం ముఖమల్ సంచీలో పడుకోబెడతారు. పెద్దలు ఎవరొచ్చినా దాన్నే అటూ ఇటూ తిప్పి చూసేవాళ్లు. నా వైపు చూసి, "వీళ్లు పేతురు, పౌలు కదా" అని వదిలేసేవాళ్లు. ఎప్పుడూ ఉండే దేవుడి మనుషుల మీద కంటే, నాలుగేళ్లుండి పోయే పేరు మీద మీకు మోజు ఎక్కువ.

ఇక పోన్సు సంగతికి వస్తాను.

పోన్సు కొండల్లో వాల్నేరా అనే గొర్రెలకాపర్ల ఊరివాడు. వయసు ముప్పై దాటింది, మర తిప్పగల జబ్బలు. మఠంలో చేరి కట్టెలు కొట్టే పని చేస్తుంటే ముద్రశాలకు పిలిచారు. ముద్రశాలలో పనికి కావలసిన మొదటి అర్హత చదువు రాకపోవడం. ముద్ర వేసేవాడికి అక్షరం ముక్క తెలిస్తే లోపలి రహస్యం బయటికి పోతుందని భయం. అందుకని నిరక్షరాస్యుణ్ణి వెతికి తెచ్చి, నాకు చదువు రాదు, నేర్చుకోను అని సువార్త గ్రంథం మీద ప్రమాణం చేయించేవాళ్లు. ఆ ప్రమాణం రాసి ఉన్న కాగితం కూడా ఆ మనిషి చదవలేడు.

ముద్రశాల పెద్ద రోస్టాను అయ్యగారు. బక్కమనిషి, వ్యంగ్యం ఎక్కువ. బల్లకు అటు రోస్టాను, ఇటు పోన్సు. ముద్రను పరీక్షించేవాడు రోస్టాను కాబట్టి నన్ను ఆయనకు నిలువుగా కనబడేలా బిగించారు. అంటే పోన్సుకు నేను ఎప్పుడూ తలకిందులే.

మొదటిరోజే రోస్టాను ఒక తోలు ముక్క పోన్సు చేతికిచ్చాడు.

"ఏమయ్యా, ఇందులో ఏముంది?"

"మేకతోలండి."

"తోలు సంగతి కాదయ్యా. దాని మీద."

పోన్సు దాన్ని వేళ్లతో నలిపి చూశాడు. "తొడ దగ్గరిదండి. మంచి రకం. మెడ దగ్గరిదైతే ముడతలుంటాయి."

రోస్టాను పగలబడి నవ్వాడు. దాని మీద, 'నీ అంగీ వెనక నిప్పంటుకుంది' అని రాసి ఉంది. చదవగలవాడు ఎవడైనా వెనక్కి తిరిగి చూస్తాడు. ఇంతకు ముందు ఒకడు అలాగే ఎగిరి గంతేసి ఉద్యోగం పోగొట్టుకున్నాడట.

పోన్సు నన్ను రోజూ నూనెతో, బూడిదతో తోమేవాడు. గొర్రెపిల్లతో మాట్లాడినట్టు నాతో మాట్లాడేవాడు. "ఏం పేతురయ్యా, ఇవ్వాళ ఎవరి కొంప ముంచుతున్నావు?" అనేవాడు. ఆ మొదటి మూడేళ్లూ నా జీవితంలో బంగారు రోజులు.

ఒకరోజు తోముతూ తోముతూ ఆయన వేలు పౌలు తల పైన ఆగిపోయింది. అక్కడ మూడు గీతలు, అంటే మూడు లాటిన్ అక్షరాలు: 'సెయింటు'కు ఒకటి, పౌలు పేరులోవి రెండు. పేతురు తల పైనా మూడే. రెండు చోట్లా మొదటి రెండూ ఒకటే, మూడోది వేరు. పోన్సు పెదవులు కదిలాయి. "పా... పే..." అన్నాడు. మళ్లీ అన్నాడు. చుట్టూ చూశాడు. రోస్టాను కిటికీ దగ్గర పత్రాలు ఆరబెట్టుకుంటున్నాడు.

చదువు నేర్చుకోవాలని పోన్సు అనుకోలేదు. నా ముఖం తోముతుంటే అది ఆయన వేలికి అంటుకుంది. అలా నేను గురువునయ్యాను. నా దగ్గరున్నవి నాలుగే రకాల అక్షరాలు, అవీ తిరగబడినవి, పైగా ఆయన కూర్చున్నచోటి నుంచి తలకిందులు. అయినా ఇచ్చాను. నాలుగూ అయిపోయాక ఏం చేశాడు? పేరు ముద్రను చేతిలోకి తీసుకున్నాడు! దాని మీద నాకంటే ఎక్కువ అక్షరాలున్నాయి మరి. దాన్ని వెలుతురుకు పట్టుకుని, తిప్పి తిప్పి, ఎంతసేపు చూసేవాడో! ఓనమాలు దిద్దించిన పంతులును మరిచిపోయి పెద్దబడి మేష్టారి వెనక తిరిగే శిష్యుణ్ణి మీరు చూసే ఉంటారు. నాతో మాటలు తగ్గాయి. తోమడం కూడా పైపైనే. ఆ తర్వాత పత్రాల మీద పడ్డాడు. ముద్ర వేసే క్షణంలో ఒక్కో పత్రం నుంచి ఒక్కో మాట దొంగిలించేవాడు.

అలా రెండేళ్లు గడిచాయి. ఒక శీతాకాలం ఉగ్ వచ్చాడు. ఉగ్ పోన్సు అక్కకు మరిది. వాల్నేరా నుంచి జున్ను ముద్దలు మోసుకొచ్చి మూణ్ణెల్లకోసారి మా వంటశాలకు ఇచ్చేవాడు. ముద్రశాల వెనక తలుపు దగ్గర నిలబడి పోన్సును పలకరించి పోయేవాడు.

"మీ అక్క మంచాన పడింది బావా," అన్నాడు. "కాళ్లు రెండూ స్తంభాల్లా వాచిపోయినయ్. గొంతులో గంజి కూడా దిగట్లేదు. ఒకటే మాట. నన్ను నా బిడ్డ పక్కనే పెట్టండి, గంట కొట్టించండి అని."

అక్క పేరు గిలెల్మా. ఆమె ఒక్కగానొక్క కూతురు నాలుగేళ్లప్పుడు పోయింది. గుడి పక్క సమాధుల తోటలో గోడవారగా ఉంది.

"ఇంకో తలనొప్పి కూడా వచ్చింది," అన్నాడు ఉగ్. "మొన్న వానాకాలం తిరుగుడు సన్యాసి ఒకడొచ్చి వారం రోజులు పూజ చేశాడు. మంచోడే, గొంతు కూడా బాగుంది. పూజలో రోము పోపు పేరు చదివాడంట. మాకేం తెలుసు? పోపంటే పోపే గదా! మనోళ్లు జున్ను కట్టిచ్చి మరీ సాగనంపారు. ఇప్పుడేమో బిషప్పుగారి మనుషులు వచ్చి, శత్రువుకి తిండి పెట్టారని ఒకటే రుసరుస."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇద్దరు పోపుల మధ్య ఎన్ని ఊళ్లు అలా ఎలుకలయ్యాయో, నా మీదుగా పోయిన పత్రాలకే తెలుసు.

నెల తిరక్కముందే ఆ పత్రం వచ్చింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వరాలిచ్చే పత్రానికి సీసాన్ని పట్టుదారంతో కడతారు, శిక్షలు వేసే పత్రానికి జనపనారతో. ఇది జనపనార. సీసం అమర్చబోతూ పోన్సు అలవాటుగా ఒక మాట దొంగిలించాడు. ఆ మాట వాల్నేరా.

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఇంకా చదివాడు. లాటిన్ ఆయనకు రాదు. కానీ లాటిన్‌లో గంటను కంపానా అంటారు, పోన్సు ఊళ్లోనూ గంటను కంపానా అనే అంటారు. సమాధి చెయ్యడాన్ని లాటిన్‌లో సెపుల్తూరా అంటారు, ఆయన ఊళ్లోనూ అంతే. రెండింటి ముందూ 'నోన్' ఉంది. వద్దు అనడానికి రెండు భాషల్లోనూ అదే మాట.

ఊరి వెలి అన్నమాట. గంట మోగకూడదు, పూజ జరగకూడదు, చచ్చినవాళ్లను సమాధుల తోటలో పెట్టకూడదు. గిలెల్మా పోతే ఎక్కడో పొలంగట్టు మీద, గంట లేకుండా, బిడ్డకు దూరంగా పూడుస్తారు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. రోస్టాను లేచి, కట్టిన పత్రాలను చిలక్కొయ్యలకు తగిలించడానికి అటు తిరిగాడు. పోన్సు బల్ల అంచున కారిన కొవ్వొత్తి మైనం గోటితో గీకాడు. దాన్ని సీసపు పొడిలో దొర్లించి ముద్ద చేశాడు. నా నడినెత్తిన, సిలువకు సరిగ్గా పైన, ఆ బుజ్జి చుక్క గుంటలో పెట్టి బొటనవేలితో నొక్కాడు.

నొక్కి పట్టుకున్నాడు. మైనం గట్టిపడేదాకా పట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ప్రమాణం తప్పాడని కాదు, అది మనుషుల గొడవ. నా ముఖం మీద ఇంకెక్కడా ఆ వేలు అంతసేపు ఎప్పుడూ ఆగలేదు. ఇన్నేళ్లు నాకు సిగ్గుచేటైన ఆ అరకొర చుక్కకు అంత ఆప్యాయత! మర తిరిగింది. సీసం మీద డెబ్బై రెండు చుక్కలు లేచాయి. రోస్టాను రోజూ పొద్దున మొదటి ముద్రకే చుక్కలు లెక్కపెట్టేవాడు. తర్వాతవాటిని చూసేవాడు కాదు, ఉక్కు అబద్ధమాడదని ఆయన నమ్మకం. పత్రం వెళ్లిపోయింది. పోన్సు గుండుసూదితో మైనం తవ్వేసి, ఆ గుంటను నూనె గుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిచాడు. మిగతా డెబ్బై రెండింటినీ తుడవలేదు.

రెండు నెలలకు, ఈస్టరు వెళ్లాక ఉగ్ మళ్లీ వచ్చాడు. జున్ను తట్ట దింపకుండానే మొదలుపెట్టాడు. రోస్టాను బల్ల దగ్గరే కూర్చున్నాడని చూసుకోలేదు.

"బావా, నవ్వి చస్తావు! మా ఊరికి దొంగ పత్రం వచ్చింది. ఊరిని వెలేశారని! మా గుడి గురువుగారు మెట్ల మీద నిలబడి చుక్కలు లెక్కపెట్టారు. ఇద్దరు పోపులయ్యాక లెక్కపెట్టందే ఏదీ చదవొద్దని మీవాళ్లేగా చెప్పింది? డెబ్బై రెండు! మళ్లీ పెట్టారు, డెబ్బై రెండే. అప్పుడు మంద లెక్కపెట్టే ముసలి సాంస్‌ను పిలిచాం. ఒక గొర్రె తగ్గితే ఆయనకు అన్నం సయించదు గదా. ఆయన ముద్రను కళ్లకు ఆనించుకుని, వేలుపెట్టి మూడుసార్లు లెక్కపెట్టి, 'ఒకటి మేతకెళ్లి తిరిగి రాలేదురా' అన్నాడు. ఊరంతా ఒకటే గోల. ఆ పత్రాన్ని సాక్ష్యానికని గుడిపెట్టెలో పెట్టి తాళమేశారు. అసలు సంగతి ఇంకోటుంది బావా, మీ అక్క..."

"ఆగు," అన్నాడు రోస్టాను.

ఆయన లేచి వచ్చి నా మీదికి వంగాడు. వేలు నా చుట్టూ తిప్పాడు. డెబ్బై మూడు. బుజ్జి చుక్క దగ్గర వేలు కాస్త ఆగింది.

"పాపక్షమాపణ పత్రాలు దొంగవి చేస్తారు. పదవులిచ్చే పత్రాలు దొంగవి చేస్తారు," అన్నాడు నెమ్మదిగా. "ఊరిని వెలేసే పత్రం దొంగది చేసే వెధవ ఎవడయ్యా? శిక్షను ఎవడు దొంగిలిస్తాడు?"

ఉగ్ జున్ను తట్ట నెమ్మదిగా కిందికి దింపాడు.

"పోన్సూ, నీది ఏ ఊరు?"

"వాల్నేరా అండి."

"ఊఁ," అన్నాడు రోస్టాను. ఉగ్ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు నాతో పెరట్లోకి రావయ్యా. ఆ ఇంకో సంగతేదో ముందు నాకు చెప్పు."

వాళ్లు వెళ్లాక పోన్సు నా మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. విషయం బయటపడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయనకు జీవితాంతం చెరసాల. దానికంటే పెద్దది, ఊరి వెలి మళ్లీ పుట్టుకొస్తుంది. ఈ రెండు నెలల్లో తోటలో పెట్టినవాళ్లను తవ్వి బయటికి లాగుతారు.

రోస్టాను తిరిగొచ్చాడు. చేతిలో తోలు ముక్క, సిరా ఇంకా తడిగానే ఉంది. ఉగ్‌ను గుమ్మం అవతల నిలబెట్టాడు.

"పాత పరీక్షే," అన్నాడు. "ఇదిగో."

ఈసారి తలకిందులుగా అందించాడు. అందులోనే ఉంది కిటుకు. చదువొచ్చినవాడి చేతులు ఊరుకోవు, అక్షరం తిరగబడి కనిపిస్తే వాటంతటవే దాన్ని తిప్పుతాయి. నిప్పంటుకుందని చదివి కదలకుండా ఉండగలిగినవాడు కూడా ఇక్కడ దొరికిపోతాడు.

పోన్సు ఇచ్చింది ఇచ్చినట్టే పట్టుకున్నాడు. తిప్పలేదు. తిప్పాలని ఆ చేతులకు తోచనే లేదు.

ఎందుకు తోచలేదో నేను చెబుతాను. ఆయన మొదటి అక్షరాలు నా దగ్గర దిద్దుకున్నాడు. కదలలేని నన్ను, తలకిందులుగా, బల్లకు ఇవతల కూర్చుని చదువుకున్నాడు. ఆ వయ్యారి పేరు ముద్ర చేతిలోకి వచ్చి ఎటు కావాలంటే అటు తిరిగేది, దానికి ఈ విద్య ఏం తెలుసు? నన్ను బిగించేశారని ఇన్నేళ్లు ఏడ్చిన ఏడుపు ఉందే, ఆ బిగింపే ఆ పూట ఆయన ప్రాణం కాసింది. ఆయన కళ్లకు తలకిందులు అక్షరం పుట్టింటి అక్షరం.

కానీ చదివాడు. ఆ సంగతి కూడా నేనే చెప్పాలి, ఇంకెవరికీ తెలియదు కాబట్టి. దాని మీద ఆయన మాట్లాడే భాషలోనే ఇలా ఉంది: 'నీ అక్క గిలెల్మా చనిపోయింది. బిడ్డ పక్కనే పెట్టారు. గంట కొట్టారు.'

బల్ల మీద ఆనిన ఆయన ఎడమచెయ్యి నాకు తగులుతోంది. ఆ మణికట్టులో నాడి ఒకసారి ఎగిరింది, రెండుసార్లు ఎగిరింది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు. ఇప్పుడు ఒక్క కన్నీటిబొట్టు రాలితే చాలు, అక్కను మట్టిలోంచి లాగుతారు.

ఆయన తోలును బొటనవేలితో రుద్దాడు.

"ఇది మెడ దగ్గరిదండి," అన్నాడు. "ముడతలున్నాయి. మీకెవరో అంటగట్టారు."

గుమ్మం అవతల ఉగ్ ముక్కు చీదుకున్నాడు. రోస్టాను చాలాసేపు పోన్సునే చూశాడు. ఆ తర్వాత తోలు ముక్క తీసుకుని, సరిగ్గా తిప్పుకుని, అందులో రాసింది పైకి చదివి వినిపించాడు. గొంతులో ఎప్పటి వ్యంగ్యం లేదు.

అప్పుడు ఏడ్చాడు పోన్సు. ఏడవడానికి సెలవు దొరికింది కదా. మర తిప్పే ఆ జబ్బలతో ముఖం కప్పుకుని, దూడ అరిచినట్టు ఏడ్చాడు. ఉగ్ వచ్చి పట్టుకున్నాడు. "పోయిన మంగళవారం బావా. గంట మోగుతుంటే వినే పోయింది. పక్కింటి ముసలామెకు కొట్టారులే, నీకే అనుకోమన్నాం. నవ్వింది."

ఆ కన్నీళ్లలో ఒక్క చుక్క నా మీద పడలేదు. పేరు ముద్ర బల్ల మీద ఆయన మోచేతి కింద ఉంది, పడినవన్నీ దాని మీదే పడ్డాయి. గురువుకు ఆ మాత్రం దక్కలేదు.

రోస్టాను చాకుతో తోలు మీది అక్షరాలు గీకేశాడు. ఆయన ఏం తెలుసుకున్నాడో, ఏం తెలియనట్టు ఊరుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు. బిషప్పుకు మాత్రం 'దొంగముద్రల వాళ్లున్నారు, జాగ్రత్త' అని రాసి పంపాడు. మర్నాటి నుంచి మొదటి ముద్రే కాదు, ప్రతి ముద్రా లెక్కపెట్టాడు.

తర్వాతి కథ తొందరగా చెబుతాను. కొన్నేళ్లకు మా పోపు చనిపోయాడు. పోపు చనిపోతే ఆయన పేరు ముద్రను పదిమంది ఎదుట సుత్తితో పగలగొట్టాలి, అది ఆచారం. నన్ను పగలగొట్టరు. పేతురు, పౌలు ఏ పోపుకైనా పేతురు, పౌలే. ఆ రోజు కోసం ఎంతకాలం ఎదురుచూశానో! తీరా చూస్తే దానికి చావు ఊరేగింపు, కార్డినళ్ల మౌనం, నల్లగుడ్డ. పోన్సు కళ్లు తుడుచుకున్నాడు కూడా. పగిలిపోయేదానికి ఉన్న గౌరవం మిగిలిపోయేదానికి ఉండదు. వారం తిరక్కుండా ఇంకో పేరు ముద్ర వచ్చి ముఖమల్ సంచీలో పడుకుంది.

అప్పటికి ఫ్రాన్సు రాజుకు మతి చలించింది. ఒక్కోసారి తాను గాజుతో చేసినవాణ్ణని, ఎవరైనా తాకితే పగిలిపోతానని వణికేవాడట. లోకానికి తల తెగినట్టుంది. రాజు ఉండీ లేడు, పోపు ఒకడికి ఇద్దరు. చివరికి ఫ్రాన్సు పెద్దలంతా కూర్చుని, ఈ అవిన్యోను పోపు మాటా వినం, రోము పోపు మాటా వినం అన్నారు. సైన్యం వచ్చి మా కోటను చుట్టుముట్టింది. ఫిరంగి రాళ్లు ముద్రశాల కప్పు మీద పడుతుంటే రోస్టాను కొత్త పేరు ముద్రను రొమ్ముకు హత్తుకుని నేలమాళిగలోకి దిగుతూ అరిచాడు.

"పోన్సూ, బల్లలోది పగలగొట్టు! శత్రువు చేతిలో పడకూడదు!"

పోన్సుకు అప్పటికి గడ్డం నెరిసింది. సుత్తి తీసుకుని నా ముందు నిలబడ్డాడు. మూడు దెబ్బలు కొట్టాడు. మూడూ బల్ల మీదే. కొయ్య చీలి నేను ఊడి ఆయన చేతిలో పడ్డాను. పుట్టి ఇరవై ఏళ్లయ్యాక మొదటిసారి ఒక మనిషి చేతిలోకి వచ్చాను.

"చదువు చెప్పినదానివి," అని గొణిగాడు. "నిన్నెలా కొడతాను?"

ఆ ఒక్కమాట చాలు అనుకోవాల్సింది. కానీ నాకు వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. పేరు ముద్రతోనూ ఈ మాట అన్నాడేమో, నేను విననప్పుడు.

ముట్టడి ఎత్తేశాక పోన్సు నన్ను అంగీలో దాచుకుని వాల్నేరా వెళ్లాడు. ఆయన అక్కడే పోయాడు, అక్క పక్కనే ఉన్నాడు. కొండల కిందేమో కథ ముదిరింది. తగాదా తీరుద్దామని పెద్దలు కూడి మూడో పోపును ఎన్నుకున్నారు. పాత ఇద్దరూ దిగలేదు, ముగ్గురయ్యారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ముగ్గురూ పట్టుబట్టారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు కాన్‌స్టాన్స్ అనే ఊళ్లో పెద్ద సభ జరిగి, అందరినీ తప్పించి ఒక్కరిని కూర్చోబెట్టారు. ఈ వార్తలన్నీ నాకు జున్ను తట్టల మీదుగా తెలిశాయి. ఎందుకంటే నేను అప్పుడు ఉగ్ ఇంట్లో జున్ను మీద బరువును. వాల్నేరా జున్ను మీద పేతురు, పౌలు అచ్చు పడేది, చుట్టూ డెబ్బై మూడు చుక్కలతో. రాజులు లేచి నిలబడిన ముద్రను జనం రొట్టెలో నంజుకు తిన్నారు. అది నాకు అవమానమని మొదట్లో అనుకున్నాను. రోములో మా అన్న ముద్రను ఎవరూ రుచి చూసి ఉండరని తర్వాత సమాధానపడ్డాను.

ఇప్పుడు నేను ఆ కొండల కింద పట్టణంలో, చిన్న మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. గాజునని వణికిన ఆ రాజు నాకు తరచూ గుర్తొస్తాడు. నా కింద చిన్న అట్ట: 'అవిన్యోను పోపుల అచ్చు. అసలుదే కావచ్చు.' ఆ 'కావచ్చు' ఉంది చూశారూ, అది నా నెత్తి మీద డెబ్బై నాలుగో చుక్క.

నా పక్కనే ఆ పత్రం ఉంది. వాల్నేరా గుడిపెట్టెలో దొరికిందట. జనపనార పీచు అక్కడక్కడా తెగింది, సీసం నల్లబడింది. దాని కింద అట్ట: 'ఆ కాలపు దొంగముద్ర. చుక్కలు డెబ్బై రెండే.'

వచ్చినవాళ్లు నా దగ్గర ఆగరు. అందరూ దాని మీదే వంగుతారు. పెద్దవాళ్లు, జంటలు, ముక్కుకు గాజు తగిలేదాకా వంగి వేలితో లెక్కపెడతారు. డెబ్బై రెండు అయ్యాక కళ్లు పైకి వెళతాయి, సిలువకు సరిగ్గా పైన ఉన్న ఖాళీ మీద ఆగుతాయి. మ్యూజియం చూపించే అమ్మాయి రోజూ ఒకటే మాట చెబుతుంది.

"చూశారా, ఎంత చక్కగా చేశాడో! పాపం, ఒక్క చుక్క మరిచిపోయాడు."

మరవలేదు తల్లీ. మైనం గట్టిపడేదాకా వేలు పెట్టి పట్టుకున్నాడు.

అన్నను చూసి ఏడ్చాను, పేరు ముద్రను చూసి ఏడ్చాను. వాళ్లిద్దరూ ఇప్పుడు ఎక్కడా లేరు. నేను చేసిన ముద్రలు వేలకు వేలు, వాటి చుక్కలు లక్షలు. అవన్నీ ఎవరో ఒకరిని పదవిలో కూర్చోబెట్టాయి, ఎవరో ఒకరిని వెలివేశాయి. ఒక తల్లిని తన బిడ్డ పక్కన పడుకోబెట్టింది మాత్రం, ఆ సీసం మీద లేని చుక్క ఒక్కటే.

ఇప్పటికీ దాన్ని చూస్తే నాకు కడుపుమంటే.